ఒక వట్రుసుడికి సన్మానం

రసజ్ఞులందరికీ సంతోషంతో తెలియజేస్తున్నాం: ముప్పై రెండేళ్ళ క్రితం విడుదలై, మూడు రోజులాడి, నాలుగో రోజు మ్యాట్నీకి ప్రేక్షకులతోపాటు ఆపరేటరు కూడా రాకపోవడంతో ఆగిపోయిన ‘గృహాంతర గండం’ అనే వైజ్ఞానిక చిత్రరాజానికి ఈ ఆదివారం ఉదయం పది గంటలకు ఘనసన్మానం జరుగుతుంది. ఘోరచిత్ర రసజ్ఞ మండలి ఏర్పాటు చేసిన ఈ సభకు గ్రహనిర్మాణ శాఖ ఉన్నతాధికారి ముఖ్య అతిథిగా విచ్చేస్తారు. ఆహ్వానితులు తమ తమ ఇంటి తాళంచెవులు తప్పనిసరిగా వెంట తెచ్చుకోవలెను.

పై ఆహ్వానపత్రం గురువారం పొద్దున్న ఒక ఫోటో స్టూడియో తలుపు కిందినుంచి లోపలికి వచ్చింది. ఆ స్టూడియోలో పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసి ఎనిమిదేసి కాపీలు ఇచ్చే పెద్దమనిషిని ఆ వీధిలో అందరూ డైరెక్టరుగారు అంటారు. పాలు పోసే ఆవిడ అంటుంది, ఎదురుగా ఉన్న టైలరు అంటాడు, మీటరు చూసుకోవడానికి వచ్చే కరెంటు ఉద్యోగి కూడా అలాగే అంటాడు. ఆయన తీసిన సినిమా ఒక్కటే. అయినా మన సమాజంలో ఒకసారి అంటుకున్న బిరుదు చచ్చినా ఊడదు కాబట్టి, ఆయన కూడా ఫోటోకి వచ్చినవాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని కొంచెం ఎడమకు తిప్పి, “యాక్షన్!” అనే అంటారు. పాస్‌పోర్టు ఫోటోలో చేయాల్సిన యాక్షన్ ఏమీ ఉండదని ఇంతవరకూ ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆహ్వానపత్రాన్ని ముందుగా చదివింది ఆయన భార్య. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఊరందరికీ టీచరమ్మ. అచ్చులో ఏది కనిపించినా ఆవిడ చెయ్యి ఎర్రపెన్సిలు కోసం వెతుక్కుంటుంది. మందుసీసా మీది కాగితం, బస్సు వెనకాల నినాదం, దుకాణాల బోర్డులు, అన్నీ ఆవిడ కంటికి దిద్దవలసిన నోటుబుక్కులే. ఈ పత్రంలో కూడా ఒకచోట ఆవిడ చూపు ఆగింది, చెయ్యి లేచింది. పిలవక పిలవక పిలిచారు, ఇప్పుడు తప్పులెన్నడం ఏం మర్యాద అని ఆ చేతిని తనే కిందికి దించుకుంది.

“ఏమోయ్, ఏంటది? కరెంటు బిల్లా?” లోపలి గదిలోంచి డైరెక్టరుగారి గొంతు.

“కాదండీ. మీకు సన్మానమట.”

లోపల ఏదో కిందపడి పగిలింది. మరుక్షణంలో డైరెక్టరుగారు బయటికి వచ్చి పత్రాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి, కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారు. దాంతో జతచేసిన ఉత్తరం కూడా చదివారు. ‘ఇంతవరకు వచ్చిన చిత్రాలన్నిటిలోకీ తమ చిత్రమే అత్యంత ఘోరమైనదని మా మండలి ఏకగ్రీవంగా తీర్మానించినట్లు తెలియజేయుటకు గర్విస్తున్నాం’ అని ఉంది అందులో.

“ఘోరమైనది అన్నారేమిటి వీళ్ళు?”

టీచరమ్మ ఒక్కక్షణం తటపటాయించింది. “ఘోరమంటే చెడ్డ అనే కాదండీ. ఘోర తపస్సు అనరూ? అలాగన్నమాట.”

“అదీ! నేనదే అనుకున్నాను.”

ఆ క్షణం నుంచి డైరెక్టరుగారు ఉపన్యాసం తయారీలో మునిగిపోయారు. గురువారం అద్దం ముందు, శుక్రవారం స్టూడియోలో నీలం తెర ముందు, శనివారం డాబా మీద ఆరేసిన దుప్పట్ల ముందు చదివి చూసుకున్నారు. రోజురోజుకూ మాటలు మారాయి, ఆవేశం పెరిగింది. ఒక్క వాక్యం మాత్రం మారలేదు: ‘ఈ చిత్రంలో ఒకే ఒక్క పొరపాటు దొర్లింది. అది నాది కాదని, ఫెయిరు కాపీ రాసిన మా ఆవిడదని సవినయంగా మనవి చేస్తున్నాను.’

వంటింట్లోంచి మూడురోజులూ ఆ వాక్యం విన్న టీచరమ్మ శనివారం సాయంత్రం స్టవ్వు కట్టేసి, బీరువా తెరిచి, అడుగున దుప్పట్ల మడతలో దాచిన పాత నోటుబుక్కు ఒకటి తీసి హ్యాండుబ్యాగులో పెట్టుకుంది. చాలు. ఇంట్లో అన్నాడు, పడ్డాను. చుట్టాల ముందు అన్నాడు, పడ్డాను. నిండుసభలో మైకు పట్టుకుని గనక ఆ మాట అన్నాడో, ఈ నోటుబుక్కు బయటికి తీస్తాను అనుకుంది. అలా అనుకున్నాక ఆవిడకు ఎన్నాళ్ళకో ఆకలి బాగా వేసింది.

ఆ పొరపాటేమిటో చెప్పాలంటే మనం చిన్నప్పటి తెలుగు క్లాసుకు వెళ్ళాలి. ‘గ’కు క్రావడి ఇస్తే గ్రహం. అది ఆకాశంలో తిరుగుతుంది. అదే ‘గ’కు వట్రుసుడి ఇస్తే గృహం. అది నేలమీద కదలకుండా ఉంటుంది, ఉండాలని మన కోరిక. రాతలో తేడా చిటికెడు. డైరెక్టరుగారు రాసుకున్న కథలో ఏడు గ్రహాల చక్రవర్తి భూగ్రహం మీద దండెత్తాలి. తెరమీదికి వచ్చేసరికి ఏడు గృహాల ఆసామి భూగృహం మీద దండెత్తాడు. భూగృహమంటే నేలమాళిగ.

సినిమా చూసే అదృష్టం లేనివారి కోసం కథ టూకీగా: సప్తగృహ సార్వభౌముడు ఉన్న ఏడింటితో తృప్తిపడక, “భూగృహవాసులారా! ఇరవై నాలుగు గంటల్లో మీ గృహాన్ని ఖాళీ చెయ్యండి!” అని గర్జిస్తాడు. కథానాయకుడు రొమ్ము విరుచుకుని, “ప్రాణాలైనా ఇస్తాం గానీ గృహాన్ని ఖాళీ చెయ్యం!” అంటాడు. ముసలి శాస్త్రవేత్త దుర్భిణిలోంచి చూసి, “అయ్యో, ఒక పెద్ద గృహశకలం మనవైపే దూసుకొస్తోంది!” అని మూర్ఛపోతాడు. మధ్యమధ్యలో ఉపగృహంలోంచి రహస్య సంకేతాలు వస్తుంటాయి. ఈ ఉపగృహం పెరట్లో ఉండేదా, ఆకాశంలో ఉండేదా అన్నది చివరిదాకా తేలదు.

నిర్మాణ విలువల సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండు స్టీలు వాష్‌బేసిన్లు అంచుకు అంచు ఆనించి బిగిస్తే అంతరిక్షనౌక అయింది. నీళ్ళు పోయే కన్నం అలాగే ఉంచి, అందులోంచి అగరొత్తి పొగ వదిలారు. దాన్ని ఎగరేసిన తాడు నౌకకన్నా స్పష్టంగా కనిపిస్తుంది. అంగారకుడిగా నటించినది ఒక రాళ్ళ క్వారీ. అక్కడ ఘోరయుద్ధం జరుగుతుండగా వెనకాల ఒక సిమెంటు లారీ నెమ్మదిగా వెళ్తుంది, డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపుతాడు. రెండు సోఫాల్లోని ఫోము పీకి కుట్టిన రాక్షసుడు పతాకసన్నివేశంలో హీరో గొంతు పట్టుకోబోయి, ఆగి, తన జిప్పు పైకి లాగేసుకుని, మళ్ళీ పట్టుకుంటాడు.

ఇక అంతరిక్ష కన్యలు. వీళ్ళకు దుస్తులు కుట్టే దగ్గర బట్ట చాలలేదు. ఆ కొరతనే పోస్టరు మీద ‘సాహసం’ అని పెద్దక్షరాలతో వేశారు. కింద చిన్నక్షరాలతో ‘సకుటుంబంగా చూడదగినది’ అని కూడా వేశారు. వాళ్ళ గృహంలో ఉక్క ఎక్కువని శాస్త్రవేత్త చేత ఒక డైలాగు చెప్పించి విజ్ఞానశాస్త్రానికి కూడా న్యాయం చేశారు. పోస్టరు మీద ఒంటికాలి మీద నిలబడి ఊరించిన కన్య మాత్రం సినిమాలో ఎక్కడా లేదు.

స్క్రిప్టు నాటికి టీచరమ్మ ఇంకా టీచరమ్మ కాదు, కొత్త పెళ్ళికూతురు. ముత్యాల్లాంటి దస్తూరి. డైరెక్టరుగారు రఫ్ నోటుబుక్కు ఆవిడ ముందు పెట్టి ఫెయిరు కాపీ రాయమన్నారు. మొదటి పేజీలోనే ఆవిడ కలం ఆగింది.

“ఏవండీ, ఇక్కడ గృహం అని ఉంది. గ్రహం కదా?”

“నీకు సైన్సు తెలుసా?”

“తెలీదండీ.”

“మరి ఉన్నది ఉన్నట్టు రాయి.”

నూట ఎనభై పేజీలు ఉన్నది ఉన్నట్టు రాసింది.

షూటింగు మొదలైన రోజున డైరెక్టరుగారు కుర్చీ ఎక్కి నిలబడి, “నా స్క్రిప్టు రాతిమీద చెక్కినట్టే లెక్క. ఒక్క అక్షరం మారినా ఊరుకునేది లేదు” అని ప్రకటించారు. యూనిట్లో ఆయన కాక నలభై ఒక్కమంది. కథానాయకుడికి తెలుసు, అన్నం పెట్టే మనిషిని నొప్పించడం ఎందుకని ఊరుకున్నాడు. సైన్సు డిగ్రీ ఉన్న కథానాయిక అడుగుదామని నోరు తెరిస్తే మేకప్‌మాన్ కళ్ళతోనే వద్దన్నాడు. టైటిల్సులో ‘ఉచ్చారణ సలహాదారు’ అని పేరు పడిన పండితుడు డబ్బింగు గదిలో కూర్చుని, “గృ... గృ... ఇంకొంచెం స్పష్టంగా పలకాలి నాయనా” అని మాత్రం అన్నాడు. డైరెక్టరుగారి చెవికి గ్ర అన్నా, గృ అన్నా ఒకటే కాబట్టి ఆయనకు ఏ అనుమానమూ రాలేదు. తక్కిన నలభై ఒక్కమందికీ తెలుసు. నలభై ఒక్కమందీ మర్యాదస్థులు.

సినిమా విడుదలయ్యాక ఒక పత్రిక ఒకే వాక్యంలో సమీక్ష వేసింది: ‘ఇంటి ఓనరుకూ అద్దెకున్నవాళ్ళకూ మధ్య జరిగే ఈ తగాదాను అంతరిక్షంలో ఎందుకు పెట్టారో అర్థం కాలేదు.’ అది చదివి డైరెక్టరుగారు మంచమెక్కారు. నాలుగురోజులు గోడవైపు తిరిగి పడుకున్నారు. తిండి లేదు, మాట లేదు. ఆ వీపును చూస్తూ కొత్త పెళ్ళికూతురు కూడా అన్నం ముట్టలేదు. ఐదోరోజు పొద్దున్న మంచం పక్కన కూర్చుని, “రాసేటప్పుడు నేనే పొరపాటు పడ్డానేమోనండీ” అంది.

డైరెక్టరుగారు ఇటు తిరిగారు. “నేను అనుకుంటూనే ఉన్నాను” అన్నారు. తర్వాత కాఫీ అడిగారు.

మనిషి లేచి తిరగడానికి ఒక్కరోజు కోసం ఆడిన అబద్ధం అది. ముప్పై రెండేళ్ళు నడిచింది. వచ్చిన చుట్టానికల్లా డైరెక్టరుగారు ఆ కథ చెప్పేవారు. ఆయన అక్కగారైతే, “మా మరదలు ఒక్క గీతతో మా తమ్ముడి జీవితాన్ని గీసిపారేసింది” అని పదిమందిలో అనేది. తర్వాత బడిలో ఉద్యోగం వచ్చాక ప్రతి ఏడాదీ వట్రుసుడి పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా టీచరమ్మ కిటికీవైపు తిరిగి చెప్పేది. వేలమంది పిల్లల వట్రుసుళ్ళు దిద్దింది. తనది కాని ఒక్క వట్రుసుడిని మాత్రం మోస్తూ వచ్చింది.

అలా అందరూ మర్చిపోయిన చిత్రాన్ని వెలికితీసిన ఘనత ఒక పళ్ళ డాక్టరుది. ఆయన ఒక పేషెంటు ఇంటికి వెళ్తే, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన రేకుడబ్బాల్లో ఈ సినిమా రీళ్ళు దొరికాయి. అంటే, గృహాంతర గండం ఇన్నేళ్ళూ ఒక గృహాన్ని కాపాడుతూనే ఉంది. ఆ డాక్టరే ఘోరచిత్ర రసజ్ఞ మండలి అధ్యక్షుడు. ఈ మండలిలో బాగా చదువుకున్నవాళ్ళు, మంచి ఉద్యోగాలున్నవాళ్ళు ఆదివారం పొద్దున్నే లేచి, తలంటుకుని వచ్చి, అతి దరిద్రమైన సినిమాలు భక్తితో చూస్తారు. బాగున్న సినిమా పొరపాటున వేస్తే సభ్యత్వం రద్దు.

ఆదివారం థియేటరు కిటకిటలాడింది. డైరెక్టరుగారు ముప్పై రెండేళ్ళ నాటి కోటు వేసుకుని ముందు వరుసలో కూర్చున్నారు. పక్కన టీచరమ్మ, ఆవిడ ఒళ్ళో హ్యాండుబ్యాగు, అందులో నోటుబుక్కు. దీపాలు ఆరాయి. సార్వభౌముడు మొదటిసారి “గృహం” అనగానే మూడువందలమంది తాళంచెవులు తీసి గలగలలాడించారు. అంతరిక్షనౌక కనపడగానే హాలంతా “తాడూ!” అని ముక్తకంఠంతో అరిచింది. లారీ డ్రైవరు చెయ్యి ఊపితే అందరూ లేచి చెయ్యి ఊపారు. రాక్షసుడు జిప్పు లాక్కుంటే అందరూ తమ తమ బ్యాగుల జిప్పులు లాగారు.

“ఎందుకే నవ్వుతున్నారు వీళ్ళు?” డైరెక్టరుగారు మెల్లగా అడిగారు.

“ఆనందం పట్టలేకండీ.”

కథానాయకుడి తల్లి చనిపోయే సన్నివేశం వచ్చింది. “నాయనా, నేను పోయినా ఫరవాలేదు, మన గృహాన్ని కాపాడు” అని ఆవిడ కళ్ళు మూసింది. మూస్తూనే, అయిపోయిందా అన్నట్టు ఒక కన్ను తెరిచి కెమేరావైపు చూసింది. హాలు హాలంతా కడుపులు పట్టుకుని పడీపడీ నవ్వింది. ఆ సన్నివేశం రాసిన రోజు డైరెక్టరుగారు వెక్కివెక్కి ఏడ్చారు. అది టీచరమ్మకు తెలుసు. పక్కకు చూడకుండానే, కుర్చీచేతిని పట్టుకున్న ఆయన వేళ్ళు బిగుసుకోవడం ఆవిడకు తెలిసింది.

ఆవిడకు రెండోపక్క బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. టీచరమ్మ ఉండబట్టలేక, “అంత బాగోలేని సినిమా కోసం ఇంత పొద్దున్నే ఎందుకమ్మా రావడం?” అంది.

“అయ్యో, అలా అనకండి పిన్నిగారూ! వారమంతా ఎక్కడ తప్పు చేస్తానో, ఎవరు పట్టుకుంటారో అని చస్తూ బతుకుతాం. ఈయనెవరో చూడండి, రెండు గంటల్లో ఇన్ని తప్పులు ఎంత ధైర్యంగా చేశాడో! మనిషికి భయమనేదే లేదు. చూస్తే ప్రాణం లేచొస్తుంది. పైగా ఎంత మనసుపెట్టి చేశాడండీ!”

టీచరమ్మ ఆ మాటల్లో తప్పు వెతికింది. ఆ ఉద్యోగిని చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

సినిమా ముగిశాక సభ మొదలైంది. తొలుత కాలేజీ లెక్చరరు ఒకాయన మాట్లాడుతూ, గృహమే గ్రహమనీ, గ్రహమే గృహమనీ, మనిషి ఈ విశ్వంలో శాశ్వతంగా అద్దెకున్నవాడనీ, ఇంతటి తాత్విక దర్శనం మరే చిత్రంలోనూ లేదనీ, దీనిమీద తాను నాలుగువందల పేజీల సిద్ధాంతవ్యాసం రాస్తున్నాననీ వెల్లడించారు. తర్వాత ఇళ్ళు కట్టించే శాఖనుంచి వచ్చిన ఉన్నతాధికారి లేచారు. పేరులో గృహం ఉందని చూసి, ఇళ్ళ సమస్య మీద తీసిన చిత్రమని ఫైల్లో రాసుకుని ఆ శాఖ షీల్డు మంజూరు చేసింది. “మా శాఖ పదేళ్ళుగా కడుతున్న ఇళ్ళు ఎక్కడున్నాయి, ఎక్కడున్నాయి అని ప్రజలు అడుగుతుంటారు. ఈ చిత్రం చూస్తే వాళ్ళకు సమాధానం దొరుకుతుంది” అన్నారాయన. చప్పట్లు మిన్నంటాయి. ఆయన వాటిని అభినందనలుగా స్వీకరించారు.

చివరగా పళ్ళ డాక్టరు మైకు దగ్గరికి వచ్చారు.

“మిత్రులారా! ఈ సినిమాలో అన్నీ తప్పులే. కానీ ఒక్కచోట కూడా మోసం లేదు. ఆ తప్పులన్నిటికీ తల్లి ఒక వట్రుసుడి. అది లేకపోతే ఇది మామూలు చెత్త. అది ఉండబట్టే ఇవాళ మనమిక్కడ ఉన్నాం. ఆ వట్రుసుడి రాసిన చెయ్యి ఎవరిదో తెలిస్తే ఆ చేతికి దండం పెట్టాలని ఉంది. డైరెక్టరుగారూ, ఆ మహానుభావులెవరు సార్?”

మూడువందలమంది లేచి నిలబడి తాళంచెవులు పైకెత్తి పట్టుకున్నారు. డైరెక్టరుగారు వేదికెక్కి జేబులోంచి ఉపన్యాసం తీశారు. టీచరమ్మ హ్యాండుబ్యాగు జిప్పు సగం లాగింది.

“ఈ చిత్రంలో ఒకే ఒక్క పొరపాటు...” అని మొదలుపెట్టి డైరెక్టరుగారు ఆగారు. పైకి లేచిన చేతులవైపు చూశారు. భార్యవైపు చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

“అది పొరపాటు కాదు! అది నేనే రాశాను. కావాలనే రాశాను! మా ఆవిడ దిద్దబోయింది, నేనే వద్దన్నాను! గృహమే గ్రహమని నాకు ముందే తెలుసు!”

ముప్పై రెండేళ్ళుగా టీచరమ్మ ఎదురుచూసిన మాట ‘నేనే’. అది ఇన్నాళ్ళకు ఆయన నోట వచ్చింది. వచ్చిన తీరు చూసి నవ్వాలో ఏడవాలో ఆవిడకు తెలియలేదు. సిగ్గుపడాల్సినన్నాళ్ళూ ఆ వట్రుసుడి తనది. చప్పట్లు పడేసరికి ఆయనది. జిప్పు సగంలోనే ఆగిపోయింది.

అయితే చప్పట్లు పడలేదు. పైకెత్తిన తాళంచెవులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. పళ్ళ డాక్టరు ముఖం తెల్లగా పాలిపోయింది.

“కావాలనా?” అన్నాడాయన నీరసంగా. “సార్, కావాలనే చేశారా?”

విషయం తెలియని పాఠకులకు మండలి నియమావళిలో మొదటి నియమం చెప్పాలి: తప్పు తెలియక చేసినదై ఉండవలెను. తెలిసి, నవ్వించడానికి చేసిన తప్పును వీళ్ళు నకిలీ చెత్త అంటారు. నిరుడు ఒక భూతాల సినిమా దర్శకుడు తాను అన్నీ వేళాకోళానికే చేశానని నోరుజారితే, ఆ సినిమాను జాబితాలోంచి బహిష్కరించి, సభ్యులు వారం రోజులు మనుషుల్లో పడలేదట. ఇప్పుడు లెక్చరరు తన వ్యాసం కట్టను సంచిలో పెట్టేసుకున్నాడు. అధికారి షీల్డును తిరిగి అట్టపెట్టెలోకి నెట్టి తన డ్రైవరు కోసం చూస్తున్నారు. వెనక వరుసలవాళ్ళు గుమ్మంవైపు కదిలారు. “మోసం చేశాడు” అని ఎవరో అన్నారు.

డైరెక్టరుగారు మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఏమైందో ఆయనకు అర్థం కాలేదు. తప్పు తనది కాదన్నా తంటాయే, తనదే అన్నా తంటాయే! వెనక ఉన్న తెరవైపు మెల్లగా ముఖం తిప్పుకున్నారు. ఆ వీపును టీచరమ్మ ఎరుగును. ముప్పై రెండేళ్ళ క్రితం నాలుగురోజులు చూసింది.

ఆవిడ జిప్పు పూర్తిగా లాగింది. నోటుబుక్కు తీసుకుని వేదికెక్కింది. భర్త చేతిలోంచి మైకు తీసుకుని, అల్లరి క్లాసులోకి అడుగుపెట్టినప్పటిలా ఒకే ఒక్క మాట అంది.

“కూర్చోండి.”

మూడువందలమందీ కూర్చున్నారు. అధికారి కూడా కూర్చున్నారు.

“ఈయన అబద్ధం చెబుతున్నారు. ఇది ఈయన స్వహస్తాలతో రాసుకున్న రఫ్ కాపీ. మొదటి పేజీలో గృహాంతరవాసులు. రెండో పేజీలో భూగృహం. అంతా ఇంతే.”

“అది కావాలని కూడా రాసి ఉండొచ్చు కదమ్మా?” అన్నాడు డాక్టరు, ఆశ చావక.

“ఉండండి, చివరి పేజీ చదువుతాను. సినిమాకి సంబంధించింది కాదు. నాకోసం రాసింది.” ఆవిడ చివరి పేజీ తిప్పింది. “‘నా గ్రహలక్ష్మికి, ఈ గ్రహస్థు ప్రేమతో అంకితం.’ ఇల్లు రావాల్సిన చోట గ్రహం, గ్రహం రావాల్సిన చోట ఇల్లు! ముప్పై ఏళ్ళ సర్వీసులో వేలమంది పిల్లల్ని చూశాను. ఇంత నిజాయితీ గల తప్పు నేనెక్కడా చూడలేదు. దీన్ని కావాలని చేసే తెలివి ఈయనకు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒక తెలుగు టీచరుగా నేను హామీ.”

హాలు పైకప్పు ఎగిరిపోతుందా అన్నంతగా తాళంచెవులు మోగాయి. బ్యాంకు ఉద్యోగిని కుర్చీ ఎక్కి విజిలు వేసింది. లెక్చరరు వ్యాసం మళ్ళీ బయటికి తీసి అయిదో వంద పేజీల గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. పళ్ళ డాక్టరు డైరెక్టరుగారిని వాటేసుకుని, “సార్, మీరు నిజంగా ఏమీ తెలియని మనిషి సార్! ఎంత పెద్ద మనసు సార్ మీది!” అని భోరున ఏడ్చాడు. డైరెక్టరుగారు కూడా ఏడ్చారు. ఇంత గౌరవంగా ఆయనను ఇంతకుముందు ఎవరూ తిట్టలేదు.

అట్టపెట్టెలోంచి షీల్డు మళ్ళీ బయటికి వచ్చింది. అధికారి దాన్ని అందిస్తుండగా, టీచరమ్మ అలవాటు కొద్దీ అక్షరాలు చదివింది. ఆహ్వానపత్రం దగ్గర దించుకున్న చెయ్యి మళ్ళీ లేచింది. ఈసారి దించుకోలేదు.

“సార్, దీనిమీద గ్రహనిర్మాణ శాఖ అని చెక్కారండీ. గృహనిర్మాణ శాఖ అని ఉండాలి. మీ శాఖ పేరే తప్పు పడింది.”

అధికారి షీల్డువైపు చూశారు, తర్వాత ఆవిడవైపు చూశారు. “మీకు ఇంజనీరింగు తెలుసామ్మా?”

“తెలీదండీ.”

“మరి ఉన్నది ఉన్నట్టు తీసుకోండి.”

ఆవిడ బ్యాగులోంచి ఎర్రపెన్సిలు తీసి, అందరూ చూస్తుండగా, షీల్డు మీద దిద్దబోయింది. ఇత్తడి మీద ఎర్రపెన్సిలు పడలేదు. మూడుసార్లు రుద్దింది, పడలేదు. ఆ శాఖలో ఆ షీల్డు ఆర్డరు మీద పదకొండుమంది సంతకాలు చేశారట. పదకొండుమందీ మర్యాదస్థులే అయి ఉంటారు.

ఇంటికి నడుస్తూ డైరెక్టరుగారు షీల్డును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. వీధి మలుపు తిరిగాక మెల్లగా అన్నారు.

“అయినా ఏమోయ్, ఆ రోజే నువ్వొక్కమాట చెప్పి ఉంటే...”

“చెప్పాను.”

“గట్టిగా చెప్పాల్సింది.”

ఆవిడ ఆగి ఆయనవైపు చూసింది. ఆయన తల దించుకున్నారు. మరి నాలుగడుగులు వేశాక మళ్ళీ ఆయనే, “గ్రహలక్ష్మి అని రాశానా నేను?” అన్నారు.

“రాశారు.”

“తప్పేనా అది?”

“తప్పే. కానీ దాన్ని మాత్రం నేను దిద్దలేదు” అంది టీచరమ్మ, ఇంటి తాళంచెవి తీస్తూ.

చివరగా పాఠకులకు చిన్న మనవి. ఆ శాఖ పేరు అలా పడింది షీల్డు మీద ఒక్కచోటే కాదు. ఈ కథ మొదటి పేరాలో, ఆహ్వానపత్రంలో, అక్షరాలా అలాగే ఉంది. మీరు దాన్ని చదివే ఇంతదూరం వచ్చారు. గమనించి కూడా, మనకెందుకులే అని ఊరుకున్నవారిని మా యూనిట్లోకి నలభై రెండోవారిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాం. అసలు గమనించనేలేదంటారా, మీరు దయచేసి వెంటనే ఫోటో స్టూడియోలో సంప్రదించండి. డైరెక్టరుగారు రెండో సినిమా తీస్తున్నారు, రచయిత కావాలట.